మా వదిన పళ్ళ ఫైలు

మా వదిన ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళ నోళ్ళలో ఉంటుంది. అంటే ఆవిడ చేతిపని ఉంటుంది. ఇరవై మూడేళ్ళుగా కట్టుడుపళ్ళు చేస్తోంది, మొన్నమొన్నటిదాకా ఒక డెంటల్ ల్యాబులో. డాక్టర్లు పేషెంటు నోట్లో అచ్చు తీసి పంపుతారు. వదిన అందులో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ నమూనా తీస్తుంది. దాని మీద మైనంతో గోడ కట్టి, పళ్ళు ఒక్కొక్కటే పేరుస్తుంది. తర్వాత ఆ మైనం కరిగించేసి, ఆ జాగాలో గులాబీరంగు అక్రిలిక్ ముద్ద కూరి, వేడినీళ్ళలో ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి పంపుతుంది. పేషెంటు వెళ్ళి డాక్టరుకి దండం పెడతాడు. వదినకి తుమ్ములు మిగులుతాయి.

ల్యాబంటే మందుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో ఓనరు, ఆయన కుర్చీ, అద్దాల బీరువాలో వరసగా నవ్వుతున్న పళ్ళసెట్లు. వెనక గదిలో వదిన, గ్యాస్ మంట, మెరుగుపెట్టే మోటారు, ఎప్పుడూ సరిగ్గా మూసుకోని కిటికీ. ఆ గదిలోంచి ఆవిడ బయటికొస్తే కనుబొమ్మలు కూడా ప్లాస్టర్ దుమ్ముతో తెల్లగా ఉండేవి. అలాగే బస్సెక్కేసేది. ఎవరో పెద్దావిడ అనుకుని జనం లేచి సీటిచ్చేవారు. ఆవిడా మారుమాట లేకుండా కూర్చునేది.

ఆవిడతో పెళ్ళికి వెళ్ళడం మహా కష్టం. అందరూ చీరలు చూస్తారు, ఆవిడ నోళ్ళు చూస్తుంది. "పెళ్ళికొడుకు మేనమామ ఉన్నాడే, ఆయన పై సెట్టు నాదే. నవ్వించకు, కొంచెం వదులు," అని నా చెవిలో చెప్పింది ఒకసారి. నేను ఆయన ఎదురుపడ్డప్పుడల్లా ఏడుపుమొహం పెట్టుకుని తిరిగాను.

నేను ఆవిడ ఆడపడుచుని, బళ్ళో టీచర్ని. మా అన్నయ్య నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. మా అమ్మ, వాళ్ళిద్దరూ, నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ఇంట్లో పెత్తనం మా అమ్మది. కట్టుడుపళ్ళ విషయంలో మాత్రం ఆవిడకీ వదినకీ పాతికేళ్ళకి సరిపడా గొడవ ఉంది. వదిన పనిలో చేరిన కొత్తలో, సొంతంగా చేసిన మొదటి సెట్టు మా అమ్మకే పెట్టింది. పళ్ళ ఎత్తు రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. రెండు మిల్లీమీటర్లంటే ఏముందనుకుంటాం. మాట్లాడిన ప్రతిసారీ పై పళ్ళూ కింది పళ్ళూ టకటకమని కొట్టుకునేవి. మా అమ్మ తిట్టడం మొదలుపెడితే పక్కన ఎవరో తాళం వేస్తున్నట్టుండేది. తర్వాత వదిన ఇంకో సెట్టు చేసిచ్చింది, అది బాగానే ఉంది. కానీ మా అమ్మ మొదటిదాన్ని మర్చిపోతుందా?

పోయినేడాది ఓనరు ఒక కాగితం పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడట. కొత్త నిబంధన. ప్రతి ల్యాబులోనూ గుర్తింపు ఉన్న టెక్నీషియన్ ఉండాలి. డిప్లొమా లేకుండా పదేళ్ళు పైబడి పని చేసినవాళ్ళు ఒక పోర్ట్‌ఫోలియో తయారుచేసి పరీక్షాధికారుల ముందు పెట్టాలి. వాళ్ళు చూసి, అడగాల్సినవి అడిగి, గుర్తింపు ఇస్తారు, లేదా ఇవ్వరు.

"నీకెందుకమ్మా ఈ తలనొప్పి? మన దగ్గర డిప్లొమా ఉన్నాడుగా," అన్నాడట ఓనరు.

డిప్లొమా అంటే ఒక మనిషి. ముప్పై ఏళ్ళవాడు, మీసం బాగా దువ్వుకుంటాడు. మూడేళ్ళ క్రితం ఆ ల్యాబులోనే శిక్షణ తీసుకుని, డిప్లొమా తెచ్చుకుని, మళ్ళీ అక్కడే చేరాడు. అతని సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ముందు గదిలో వేలాడుతోంది. అందుకే ల్యాబులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అతను పేర్చిన పళ్ళు సినిమా హాలు ముందు క్యూలా ఉంటాయని వదిన అభిప్రాయం. సాయంత్రం అతను వెళ్ళాక వాటిని సరిచేసేది కూడా వదినే.

"రేపు వాడు పైవాడు, నేను కిందిదాన్ని అవుతాను," అంది ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా. "నేనూ ఆ పోర్ట్‌ఫోలియో చేస్తాను."

మా అమ్మకి చెవులు కాస్త మందం. "పోలియోనా? ఆ చుక్కలు పసిపిల్లలకి కదే వేసేది?"

"చుక్కలు కాదత్తయ్యా, ఫైలు. నా పనంతా పెట్టి చూపించే ఫైలు."

"అయితే నా నోరు కూడా పెడతావా అందులో?"

పోర్ట్‌ఫోలియో అనగానే ఇద్దరూ నావైపు తిరిగారు. ఎందుకంటే మా బళ్ళో పరీక్షలు తగ్గించి పోర్ట్‌ఫోలియోలు పెట్టారు. పిల్లలు ఏడాది పొడుగునా చేసిన పని ఒక ఫైల్లో దాచుకుంటే, అందులోంచి వాళ్ళు ఎంత ఎదిగారో మేం చూడాలి. ఆలోచన బంగారంలాంటిది. జరిగేదేమిటంటే, ఆ ఫైళ్ళు తల్లులు చేస్తారు. నాలుగో తరగతి పిల్లాడు అగ్నిపర్వతం బొమ్మకి నీడలు కూడా వేసుకొస్తాడు. నేను ఆ తల్లికి తొంభై ఐదు వేసి, పిల్లాడికి చాక్లెట్ ఇస్తాను.

కాబట్టి ఫైళ్ళ సంగతి నాకు బాగా తెలుసనుకున్నాను. ఫారం తీసి చూశాను. పన్నెండు పనులు ఎంచుకోవాలి. ఒక్కోదానికి ఫోటో, చేసిన విధానం, ఎదురైన సమస్య, దాన్నుంచి నేర్చుకున్నది రాయాలి. పన్నెండూ వదిన ఒక్క పూటలో రాసి పడేసింది. ఫోటోలన్నీ ఓనరు ప్రచారం పుస్తకం కోసం తీయించినవే. ఆవిడ పళ్ళు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. తర్వాత సమస్య అనే గడి చూశాను. పన్నెండింటికీ ఒకటే: "లేదు." నేర్చుకున్నది అనే గడిలో పన్నెండింటికీ ఒకటే: "ముందే వచ్చు."

"వదినా, ఇలా రాస్తే ఇరవై మూడేళ్ళలో నువ్వేమీ నేర్చుకోలేదని అర్థం."

"నేర్చుకోకుండానే చేశానా? మీ అమ్మ పళ్ళ తర్వాత నేనెప్పుడైనా ఎత్తు తప్పానా?"

"అదే రాయి మరి."

"పరీక్షకెళ్ళి నా తప్పులు నేనే చెప్పుకోవాలా? మీ బళ్ళో పిల్లలు రాస్తారా అలాగ?"

రాయరు. నేనూ ఏనాడూ అడగలేదు. ఆ ముక్క ఆవిడకి చెప్పలేదనుకోండి.

రెండ్రోజులు మూతి ముడుచుకుంది. మూడోరోజు ల్యాబు నుంచి ఒక పాత బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. మూత తీస్తే లోపలంతా పళ్ళు. చెడిపోయిన సెట్లు, ఒక్కోటీ ఒక్కో చీటీలో చుట్టి ఉంది. మా అన్నయ్య చూసి, తింటున్న కంచం పట్టుకుని ఇంకో గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఇవన్నీ ఎందుకు దాచావు?"

"పారేస్తే ఎవడికైనా దొరికి పెట్టుకుంటాడేమోనని," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మళ్ళీ అదే తప్పు చేయకుండా," అంది.

చీటీల మీద తేదీ, పేషెంటు నంబరు, కింద ఒక తిట్టు. ఆవిడ తనని తానే తిట్టుకున్నవి. "బుడగలొచ్చాయి. నీళ్ళు తొందరగా మరగబెట్టావు. బండి పోతోందా గాడిదా?" ఇంకోటి: "దవడపన్ను లోపలికి పెట్టావు, పాపం ఆవిడ నాలుక కొరుక్కుంది. నీ నాలుక కొరుక్కో." ఇంకోటి, ఒక్కటే మాట: "సిగ్గు." నేను ఆపకుండా నలభై చీటీలు చదివాను. మధ్యలో నవ్వాను, మధ్యలో నవ్వలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ తిట్లు తగ్గి, వివరాలు పెరుగుతూ వచ్చాయి.

ఇక నా టీచరు బుద్ధి నిద్రలేచింది. అధికారుల ముందు ఈ భాషేమిటని పదకొండు సాయంత్రాలు కూర్చుని ఆ తిట్లని మర్యాదలోకి మార్చాను. "గాడిదా" అన్నచోట "ఉష్ణోగ్రత విషయంలో తగినంత అప్రమత్తత లోపించినది" అని రాశాను. "నీ నాలుక కొరుక్కో" అన్నదాన్ని "పేషెంటు సౌకర్యం పట్ల అవగాహన పెరిగినది" చేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. వదిన చదువుకుని, "ఎవరీవిడ? చాలా పద్ధతిగా ఉందే," అంది.

పరీక్ష రోజు బయల్దేరుతుంటే మా అమ్మ అడ్డం పడింది. "నా మొదటి పళ్ళు లేకుండా దీని పరీక్షేమిటి? డబ్బా కూడా పట్టుకెళ్ళండి," అని నా చేతిలో పెట్టేదాకా వదల్లేదు. ఎదురు చెబితే బస్సు పోతుందని తీసుకున్నాను.

పరీక్ష గదిలో ఫ్యాను పాడైందట, తలుపు బార్లా తెరిచి పెట్టారు. నేను బయట బెంచీ మీద కూర్చుంటే అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. బల్లకి అవతల ఇద్దరు: ఒక బట్టతల సారు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఒక మేడమ్. మొదట్లో బాగానే నడిచింది. ఏడో పని దగ్గర సారు ఆగిపోయాడు.

"ఈ సెట్టు మీరే చేశారా?"

"అవును సార్."

ఆయన లేచి బీరువాలోంచి ఇంకో ఫైలు తీసి పక్కన పెట్టాడు. "అయితే ఇదెవరు చేశారు?"

అదే ఫోటో. అదే పై సెట్టు, కింద పరిచిన అదే నీలం గుడ్డ, గుడ్డ మీద అదే మరక. ఫైలు మీద మాత్రం డిప్లొమా పేరు. మూడేళ్ళ క్రితం డిప్లొమా కోసం అతను ఇచ్చిన పోర్ట్‌ఫోలియో అది.

వీధి మొత్తానికి సమాధానం చెప్పే మా వదిన రెండు ఫోటోలనీ మార్చి మార్చి చూసింది. మొహం ప్లాస్టర్ రంగులోకి తిరిగింది. ఆవిడనే దొంగ అనుకుంటున్నారని అర్థమై నేను బెంచీ మీంచి లేచాను.

వదిన నెమ్మదిగా అడిగింది. "సమస్య ఏమని రాశాడు సార్ అందులో?"

సారు చదివాడు. "ముందు పళ్ళ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ సౌందర్యం కోసం ఉంచబడినది."

వదిన ఫక్కున నవ్వేసింది. "సౌందర్యమా! ఆ కండక్టరు మొహం మీరు చూడలేదు సార్."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆయన సిటీ బస్సు కండక్టరు. ఏనాడూ విజిల్ వాడలేదు, ముందు పళ్ళ సందులోంచే ఈల వేసేవాడు. పళ్ళు పోయి వదిన చేసిన సెట్టు పెట్టుకున్నాక ఈల రాలేదు. మొదటిరోజే డ్రైవరు నాలుగు స్టాపులు ఆపకుండా పోయాడు. జనం కండక్టర్ని నానా మాటలూ అన్నారు. ఆయన పళ్ళు గుప్పిట్లో పట్టుకుని నేరుగా ల్యాబుకొచ్చి అవే మాటలు వదినని అన్నాడు. ఆవిడ రెండోసారి చేస్తే సందు ఎక్కువై గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారి మైనం మీద ఉండగానే ఆయన్ని పిలిపించి, ఊదించి, జరిపి, ఊదించి, ల్యాబు కింద మందుల దుకాణం వాళ్ళు తలలు బయటపెట్టి చూసేంత ఈల వచ్చాక ఆపింది.

"ఫోటోలో ఉన్నది మూడోది. మొదటి రెండూ బయట మా ఆడపడుచు ఒళ్ళో ఉన్నాయి."

డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాను. మేడమ్ ఆ రెండు సెట్లూ తీసి ఫోటో పక్కన పెట్టింది. అంగిట్లో ఎడమవైపు చిన్న బుడిపె ఆకారం. మూడింటిలోనూ ఒకేచోట ఉంది. ఒకే నోరు. ఆవిడ చీటీలు విప్పి పైకే చదివింది. "ఖాళీ లేదు. ఈల లేదు. బస్సు ఆగలేదు. మనిషి ఏం పని చేస్తాడో ముందు అడగాలి కదే మొద్దూ."

మేడమ్ చీటీ మడుస్తూ అడిగింది. "ఈ చీటీలు ఫైల్లో ఎందుకు పెట్టలేదు?"

"తిట్లున్నాయి మేడమ్. మా ఆడపడుచు టీచరు. శుద్ధి చేసి రాసింది."

"శుద్ధి చేసింది తీసేసి చీటీలే అతికించండి," అంది మేడమ్. నావైపు చూడనైనా లేదు. నా పదకొండు సాయంత్రాలు అలా చెత్తబుట్టకి పోయాయి.

అంతటితో గుర్తింపు ఇచ్చేశారనుకుంటున్నారా? సారు పన్నెండు పనులూ మళ్ళీ తిరగేశాడు. "పూర్తి సెట్లే ఉన్నాయి. తీగ కొక్కేలతో పక్క పళ్ళకి పట్టుకునే సగం సెట్టు ఒక్కటీ లేదేం?"

వదిన నేల చూపులు చూసింది. ఆవిడకి తీగ పని రాదు. వంచితే విరిగేది. ఇన్నేళ్ళూ ఆ పని ఎలాగోలా ఇంకొకరికి తోసేసింది. డబ్బాలో నలభై తప్పులున్నాయి గానీ, అసలు చేయడానికే భయపడ్డది ఏ చీటీలోనూ లేదు. ఆరు వారాల్లో వచ్చి, తమ ఎదురుగా రెండు సగం సెట్లు చేసి చూపించమన్నారు.

మర్నాడు ల్యాబులో ఏం జరిగిందో వదిన, డిప్లొమా విడివిడిగా చెప్పారు నాకు. ఇద్దరి కథా ఒకటే కాబట్టి నిజమే అయ్యుండాలి. వదిన లోపలికి వస్తూనే డిప్లొమా లేచి నిలబడ్డాడు. అప్పటికే పరీక్షాధికారుల ఆఫీసు నుంచి అతనికి ఫోన్ వచ్చింది. "ఓనరు గారే ఇచ్చారక్కా ఫోటోలు. అప్పటికి నేను సొంతంగా ఏమీ చేయలేదు," అన్నాడు.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ల్యాబులో తయారైందంతా ల్యాబుదే."

"సరే సార్. మరి టకటకలాడినవీ, బుడగలొచ్చినవీ కూడా ల్యాబువే కదా? అవి మాత్రం ఎప్పుడూ నా పేరు మీదే ఎందుకు వెనక్కొచ్చాయి?"

ఓనరు గ్లాసులో నీళ్ళు తాగాడు. ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగుతూనే ఉన్నాడట.

డిప్లొమాకి మూడు నెలల గడువిచ్చారు. సొంత పనితో కొత్త ఫైలు ఇవ్వాలి, పర్యవేక్షించినవాళ్ళు సంతకం చేయాలి. లేకపోతే ఫ్రేము కిందికి దిగుతుంది. ఇక్కడే మా వదిన అదృష్టం పళ్ళికిలించింది. ఆ ల్యాబులో తీగ పని వచ్చినవాడు అతనొక్కడే. బాగా వచ్చు. పళ్ళు వంకరగా పేరుస్తాడు గానీ, తీగ అతని చేతిలో చెప్పినట్టు వింటుంది. వదిన మూడ్రోజులు పళ్ళు కొరికి, నాలుగోరోజు తన స్టూలు అతని బల్ల పక్కకి లాక్కుంది.

"నేర్పు. నీకు పళ్ళు నేను నేర్పుతాను. కానీ నిన్ను క్షమించలేదు, అది గుర్తుపెట్టుకో."

"సరే అక్కా," అన్నాడు డిప్లొమా. అప్పుడే విరిగిన తీగ ముక్క ఏరి ఆవిడ చేతికిచ్చాడు.

ఆ ఆరు వారాల చీటీలు నేను చూశాను. "విరిగింది. మళ్ళీ విరిగింది. వాడు నవ్వాడు. వాడి పళ్ళు రాలగొట్టాలి. ప్లయర్ కొస దగ్గర పట్టుకోకూడదు, కొంచెం వెనక్కి." రెండు వారాల తర్వాత: "విరగలేదు. వాడు మెచ్చుకున్నాడు. వాడి మెప్పు ఎవడికి కావాలి?" ఆ చీటీ మిగతావాటి కంటే జాగ్రత్తగా మడిచి ఉంది.

రెండోసారి వెళ్ళినప్పుడు గుర్తింపు వచ్చింది. పూర్తి సెట్లకి ఉత్తమం అని, తీగ పనికి సంతృప్తికరం అని రాశారు. వదినకి ఆ రెండో మాట నచ్చలేదు, వారం రోజులు దాని మీదే గొణిగింది. మా అమ్మ సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇరవై మూడేళ్ళు చేశాక నీకు పని వచ్చని చెప్పారా? ఇది చెప్పడానికి వాళ్ళకి జీతం కూడానా?" అంది. అని, ఆ కాగితం పక్కింటావిడకి చూపించడానికి పట్టుకుపోయింది. సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

డిప్లొమా ఫైలు మీద కూడా వదినే సంతకం చేసింది. పర్యవేక్షకుల అభిప్రాయం అన్నచోట ఇలా రాసింది: "తీగ పని చాలా బాగా వచ్చు. పళ్ళు పేర్చడం వస్తోంది. ఫోటోలు సంపాదించడం ఎప్పుడో వచ్చు." అతను ఆ మూడో వాక్యం కొట్టేయమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ కొట్టేయలేదు. అయినా అతను నెగ్గాడు.

నాలుగు నెలల తర్వాత పరీక్షలో ఉన్న ఆ మేడమ్ నుంచి ఫోన్. ఆవిడ దంతవైద్య కళాశాలలో ల్యాబు చూస్తుందట. విద్యార్థులకి పని నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది, ఫైలు పట్టుకుని రమ్మంది. ఓనరు విని, అద్దాల బీరువా పైన వదిన ఫోటో పెట్టిస్తానన్నాడు. "ఫోటోలు వద్దు సార్," అని వచ్చేసింది వదిన.

ఇప్పుడు అక్కడే పని చేస్తోంది. మూసుకునే కిటికీ, సొంత కుర్చీ ఉన్నాయి. టీ మాత్రం బాగుండదట. మొన్న ఏడాది చివర అందరితో పాటు ఆవిడకీ ఒక ఫారం ఇచ్చారు. వచ్చే ఐదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని ఒక ప్రశ్న. వదిన రాసింది: "అద్దంలో."

ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఇది ఉద్యోగంలో ఎదుగుదల గురించి అడిగే ముఖ్యమైన ప్రశ్న అనీ, కాస్త ఆలోచించి రాయాలనీ చాలాసేపు వివరంగా చెప్పాడు. వదిన చేతులు కట్టుకుని, ఆయన నోటివైపే చూస్తూ అంతా శ్రద్ధగా విన్నది.

"అర్థమైందా అమ్మా?"

"అయింది సార్. మీ కింది సెట్టు కుడివైపు ఎత్తుగా ఉంది. చవక మైనంతో కొలత తీసినట్టున్నారు. మధ్యాహ్నం భోజనం కాగానే ల్యాబుకి పట్టుకురండి, రెండు నిమిషాల్లో అరగదీసిస్తాను."

రెండున్నరకి ఆయన మెట్లు దిగి వచ్చాడట, చేతిరుమాలులో చుట్టుకుని.